గర్మి

ఎండలు ముదిరితే చాలు, మా వనపర్తి బస్టాండు ముందు సబ్జా నీళ్ల బండి దిగుతుంది. గాజు సీసాలో ఉబ్బిన నల్లగింజలు, పక్కన నిమ్మకాయలు, గోనెసంచిలో చుట్టిన ఐసుగడ్డ. మొన్న మిషన్‌కు దారం రీళ్లు కొనుక్కుని అటుగా వస్తుంటే బండి అతను కేకేశాడు.

"రా అక్కా, ఒక గిలాస తాగిపో. గర్మి మస్తున్నది, పెయ్యి సల్లవడ్తది."

నడిరోడ్డు మీద అతని మీద గయ్యిమన్నాను. నీ గర్మీ వద్దు, నీ సబ్జా వద్దు, ఇంకోసారి నన్ను పిలిచావంటే బాగుండదని అరిచాను. పాపం, అతనికేం తెలుసు! బిత్తరపోయి చూశాడు. "ఎండదెబ్బ తలిగినట్టుంది, జర నీడకు కూసోవెట్టుండ్రి" అన్నారెవరో. నేను కూర్చోలేదు. గబగబా ఇంటికొచ్చి, చీరలకు ఫాల్స్ కుట్టే నా మిషన్ ముందు కూలబడి, మా చిన్నమ్మను తలుచుకుని తనివితీరా ఏడ్చాను. ఆమె పోయాక వచ్చిన మొదటి ఎండాకాలం ఇది.

చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే ఒక రోగం పేరు ఆమె పేరుకు అంటుకుంటుంది, ఆ రోగాన్ని ఇంటికి తెచ్చిన మనిషి పేరుకు అంటుకోదు. మా వాళ్ల సంగతి నాకు బాగా తెలుసు.

ఆమె గద్వాలలో మగ్గం ఉన్న ఇంటికి కోడలిగా వెళ్లింది. మా నాన్నకు పాన్‌గల్‌లో చిన్న బట్టల దుకాణం. అక్కడి చదువు మీద ఆయనకు నమ్మకం లేక, నన్ను మూడో తరగతిలోనే గద్వాలకు, చిన్నమ్మ దగ్గరికి పంపేశాడు. ఆమెది అప్పటికి కొత్త కాపురం. ఇంట్లో ఆమె, చిన్నాయిన, నేను, గది సగం ఆక్రమించిన గుంట మగ్గం. పదో తరగతి పాసయ్యేదాకా నేను ఆమె చేతి అన్నమే తిన్నాను.

ఆమె అనగానే నాకు మొదట బూడిద గుర్తొస్తుంది. గద్వాల చీరలో ఒళ్లంతా నూలు, కొంగు పట్టు. ఒళ్లు అయిపోయి కొంగు మొదలయ్యే చోట నూలుపోగునూ పట్టుపోగునూ ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేలు జారకుండా బూడిద అద్దుకుంటారు. మా ఇంట్లో ఆ పని చిన్నమ్మది. ఆమె బొటనవేలూ చూపుడువేలూ ఎప్పుడూ బూడిద రంగులోనే ఉండేవి. నీళ్ల చెంబు మీద, తలుపు మీద, చిన్నాయిన తెల్లచొక్కా కాలరు మీద, బడికి పోయేముందు నా బుగ్గ మీద, ఎక్కడ చూసినా ఆమె రెండు వేళ్ల ముద్రలే. బడిలో పిల్లలు నవ్వేవాళ్లు. నేను తుడుచుకునేదాన్ని కాదు.

పని లేనప్పుడు కూడా ఆ వేళ్లు ఊరుకునేవి కావు. మాట్లాడుతూనే గాలిలో లేని పోగుల్ని మెలిపెట్టేది. ఎవరైనా ఆడమనిషి గద్వాల చీర కట్టుకుని కనబడితే, ముక్కూ మొహం తెలియకపోయినా సరే, దగ్గరికి పోయి కొంగు పట్టుకుని అతుకు దగ్గర నలిపి చూసేది. ఒకసారి ఆత్మకూరు బస్సులో ఒక పెద్దింటావిడ కొంగును ఇలాగే పట్టుకుంది. ఆవిడ "దొంగముండా!" అని లేచింది. కండక్టర్ బస్సు ఆపించాడు. నేను సిగ్గుతో సీటు కిందికి దూరాను. చిన్నమ్మ మాత్రం ఇంత కూడా తొణకలేదు.

"తిట్టేది తర్వాత తిడుదువు గానీ అమ్మా, ఈ అతుకు ఎవరు కలిపిండ్రో గానీ ఆగమాగం కలిపిండ్రు. నాలుగు ఉతుకులకు ఊడొస్తది. మా ఇంటికి తే, సక్కగ చేసిస్త" అంది.

నెల తిరక్కుండా ఆ పెద్దింటావిడ చీర పట్టుకుని మా గడప ఎక్కింది.

"అతుకన్నంక కంటికి కనవడొద్దు, చేతికి తెల్వొద్దు" అనేది చిన్నమ్మ. ఇంక దేని మీదా ఆమెకు పెద్దగా అభిప్రాయాలుండేవి కావు. ఎవరైనా పొగిడితే "సాకు, సాకు" అనేది. అంటే కన్నడంలో చాలు అని. రాయచూరు పక్కనే కాబట్టి గద్వాలలో ఆ మాట చాలామందికి వస్తుంది. ఆమె మాత్రం, విస్తరి మీద వడ్డన ఆపినట్టు అరచెయ్యి అడ్డం పెట్టి మరీ అనేది. కూర ఎక్కువ వేసినా సాకే, ఎవరైనా తిట్టినా సాకే, నేను ముద్దు చేసినా సాకే.

చిన్నాయిన అందగాడు. నవ్వకుండా మాట్లాడడం ఆయనకు చేతకాదు. నేసిన చీరలు మూటకట్టుకుని రాయచూరు, కర్నూలు, హైదరాబాదు తిరిగి అమ్ముకొచ్చేవాడు. వచ్చేటప్పుడు నాకు రిబ్బన్లు, చిన్నమ్మకు మల్లెపూలు. నేనంటే ఆయనకు ప్రాణం. నాకూ ఆయనంటే ప్రాణమే. ఈ మాట రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు, కానీ అది అబద్ధమని ఎలా రాయను?

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు, ఒక ఎండాకాలం, చిన్నాయిన ఊళ్లు తిరిగొచ్చి బయట అరుగు మీద పక్క వేసుకున్నాడు.

"పెయ్యిల గర్మి ఎక్కువైందే. రాయచూర్ల డాక్టరు సూదులేస్తుండు. కొన్నొద్దులు నన్ను బయటనే పండుకోనియ్యి" అన్నాడు.

గర్మి అంటే మాకు వేడి. ఎండకు గర్మి, మామిడిపండ్లు ఎక్కువ తింటే గర్మి, కోడికూరకు గర్మి. చిన్నమ్మ పరేషాన్ అయిపోయింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో చలవ చేసేది తప్ప ఇంకొకటి పొయ్యెక్కలేదు. పొద్దున సబ్జా నీళ్లు, మధ్యాహ్నం మజ్జిగలో మెంతులు, సాయంత్రం బార్లీ గంజి. కోడిగుడ్డు బంద్. పచ్చడి బంద్. ఆయనకు గర్మి చేస్తే నేనెందుకు చప్పిడి కూడు తినాలని నేను కంచం తోసేశాను. "మీ చిన్నాయిన తిననిది మనమెట్ల తింటమే" అని నా నెత్తిన ఒకటి మొట్టింది. సూదులు అయిపోయాయి, ఆయన తేరుకున్నాడు, మళ్లీ లోపల పడుకున్నాడు.

తర్వాత కొన్నాళ్లకు చిన్నమ్మ అరచేతుల నిండా మచ్చలు లేచాయి. రాగిరంగు మచ్చలు. అరికాళ్లకూ అవే. దురద లేదు, నొప్పి లేదు. "పట్టుకు అద్దిన కొత్తరంగు నాకు పడలేదేమో" అనుకుంది. చిన్నాయిన ముందు రెండు చేతులూ చాపి నిలబడింది. ఆయన ఆ చేతుల్ని పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు.

"నా గర్మి నీకంటిందే పిచ్చిదానా" అన్నాడు.

లేచి వంటింట్లోకి పోయాడు. ఆయన వంటింట్లో అడుగుపెట్టడం నేను అప్పుడే చూశాను. సబ్జా గింజలు నానబెట్టాడు, చక్కెర కలిపాడు, నిమ్మకాయ పిండాడు. గ్లాసు తెచ్చి చిన్నమ్మ పెదవులకు అందించాడు. "నీ చేతులు బాగలెవ్వు గద, నేనే తాపిస్త" అన్నాడు. మచ్చలు పోయేదాకా రోజూ అలాగే తాగించాడు. మచ్చలు పోయాయి.

మా వాడంతా ఆ సంగతి చెప్పుకుంది. పెళ్లాం నోటికి గ్లాసు అందించిన మగవాణ్ని మా వాడలో ఎవరూ చూడలేదు మరి! నీళ్ల పంపు దగ్గర ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. "మొగడంటే గట్లుండాలె" అన్నారు. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "సాకు, సాకు" అంది. కానీ మొగుణ్ని మెచ్చుకునే ఆ మాట ఇంకొకరు కూడా అంటే బాగుండునని ఆమె మొహమే చెప్పేది. నేనైతే పెద్దయ్యాక నా పెళ్లిచూపులకు వచ్చిన పిల్లగాణ్ని అడిగేశాను, "నాకు గర్మి చేస్తే సబ్జా కలిపిస్తవా?" అని. ఆయన బాగా ఆలోచించి, "మా అమ్మ మంచిగ కలుపుతది" అన్నాడు. అయినా చేసుకున్నాను.

మచ్చలు పోయిన మరుసటి ఏడు చిన్నమ్మ నీళ్లోసుకుంది. ఎనిమిదో నెలలో మగపిల్లాడు పుట్టాడు, ప్రాణం లేకుండా. తర్వాత రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి, పోయింది. ఆపైన అదీ లేదు. గొడ్రాలు అనే మాట మా వాడ నోట్లోకి ఎప్పుడొచ్చిందో తెలియదు గానీ, వచ్చాక పోలేదు. ఎవరింట్లో శ్రీమంతం జరిగినా చీర మాత్రం మా చిన్నమ్మ చేతిదే కావాలి. చిన్నమ్మ వద్దు. గడప దగ్గర చీర ఇచ్చి, లోపల పాటలు మొదలుకాకముందే తిరిగొచ్చేది.

నా శ్రీమంతానికి వనపర్తి వచ్చి వాకిట్లోనే నిలబడిపోయింది. నిండు నెలల పొట్ట వేసుకుని నేనే బయటికి పోయి చెయ్యి పట్టుకుని గుంజాను.

"వద్దు బిడ్డా, నా చెయ్యి మంచిది కాదు. నీకు గాజులు తొడిగేటోళ్లు లోపట చానామంది ఉన్నరు" అంది.

"నువ్వు తొడగకుంటే నేను తొడుక్కోను."

"సాకు. ఎండల నిలవడకు, లోపటికి పో."

చిన్నాయిన ఆమె పక్కనే ఉన్నాడు. తల వంచుకున్నాడు. ఎంత బాధపడుతున్నాడో పాపం అనుకున్నాను. పాపమట, పాపం!

చిన్నమ్మ మారిపోతోందని నాకు మొదట తెలిసింది మగ్గం దగ్గరే. ఒకసారి గద్వాల వెళ్లేసరికి ఆమె నేస్తోంది. చీర ఒళ్లు ఎప్పుడో అయిపోయింది, కొంగు అతకాల్సిన చోటు వెనక్కి పోయింది. ఆమె ఆగలేదు. నూలు ఒళ్లే నేసుకుంటూ పోతోంది, ఇంకో చీరకని ఉంచిన పడుగు నూలు కూడా తినేస్తూ.

"చిన్నమ్మా, కొంగేది?" అన్నాను.

ఆమె బట్టను చూసింది, నన్ను చూసింది. "కొంగెందుకే?" అంది.

నన్ను ఆటపట్టిస్తోందనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. వేళ్లకు బూడిద అద్దుకుని, వాటిని ఏం చెయ్యాలో తెలియనట్టు మొహం ముందు పెట్టుకుని చూసుకుంది.

ఆ తర్వాత "సాకు" అనే మాట ఆమె నోట్లోంచి మాయమైంది. పెడుతుంటే తింటూనే ఉండేది, మాట్లాడితే మాట్లాడుతూనే ఉండేది. చేతులు వణికేవి, నాలుక మొద్దుబారినట్టు మాటలు ఒకదాని మీద ఒకటి పడేవి. ఒకనాడు బీరువాలో ఉన్న చీరలన్నీ మూటకట్టుకుని బస్టాండుకు పోయి, కనబడిన ఆడవాళ్లందరికీ పంచిపెట్టిందట. అరటిపండ్లమ్మే ఆవిడకు పట్టుచీర కప్పి, "గద్వాల కోట నాదే. నీకింకేం గావాలె, అడుగు" అందట. ఊరు కడుపు పట్టుకుని నవ్వింది. పొగిడితే చెయ్యి అడ్డం పెట్టుకునే మనిషి అలా మాట్లాడిందంటే నాకు మాత్రం నవ్వు రాలేదు, భయం వేసింది.

"దవాఖానకు తోల్కపో చిన్నాయినా, తలకాయ ఫొటో తీపియ్యి" అని ఫోన్‌లో మొత్తుకునేదాన్ని.

"గాలి తలిగింది బిడ్డా, పోతదిలే" అనేవాడు.

గాలికని నాగర్‌కర్నూలు తీసుకుపోయి తాయెత్తు కట్టించాడు. అడవి మందు పని చేస్తుందని అచ్చంపేట తీసుకుపోయి వేళ్లు నూరి తాగించాడు. వేపమండలతో కొట్టించాడు, నిమ్మకాయలు తిప్పించాడు. ఓపికగా తల దువ్వేవాడు, అన్నం కలిపి నోట్లో పెట్టేవాడు. వాడంతా మళ్లీ అదే మాట, మొగడంటే గట్లుండాలె అని. నేనూ అన్నాను. మా ఆయన్ని దెప్పిపొడిచాను కూడా, చూసి నేర్చుకో అని.

చివరికి ఒకనాడు నేనే పోయి, చిన్నాయిన వద్దని కాళ్లావేళ్లా పడ్డా వినకుండా, ఇద్దరినీ వనపర్తి పెద్ద దవాఖానకు తీసుకొచ్చాను. డాక్టరమ్మ వయసులో పెద్దది, రాయచూరు దిక్కు మనిషి. మాటల్లో ఉర్దూ దొర్లుతుంది. చిన్నమ్మ కళ్లలోకి లైటు కొట్టి చూసింది, మళ్లీ కొట్టి చూసింది. నడిపించింది. మాటలు పలికించింది. చిన్నాయినను పిల్లలు ఎంతమంది అని అడిగింది. నెత్తురు తీయించింది. పరీక్ష రిపోర్టు వచ్చాక మమ్మల్ని గదిలోకి పిలిచి, నన్ను జర బయట కూర్చోమంది. చిన్నమ్మ నా కొంగు వదల్లేదు, నేను కదల్లేదు. డాక్టరమ్మ చిన్నాయిన వైపు తిరిగింది.

"పెద్దమనిషీ, వయసుల ఉన్నప్పుడు నీకు ఎన్నడన్న గర్మి అయ్యిందా?"

"లేదు మేడం. గసువంటిదేం లేదు" అన్నాడు చిన్నాయిన.

నేనుండి, "అదేంది చిన్నాయినా, మర్చిపోయినవా?" అన్నాను. చిన్నమ్మ రోగం గుట్టు ఏదో దొరికిందన్న ఆశ నాకు. గడగడా చెప్పుకుపోయాను. "అయ్యింది మేడం! నేను నాలుగో తరగతిల ఉన్న. అరుగు మీద పండుకుంటుండె. రాయచూర్ల సూదులు గూడ ఏపిచ్చుకుండు. అటెన్క చిన్నమ్మకు గూడ గర్మి చేసింది, అరచేతులకు, అరికాళ్లకు అన్నీ మచ్చలే..."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "మరి ఈమెకు సూదులేసిండ్రా?"

"లేదు మేడం. ఈమెకు సబ్జా..." అన్నాను. చిన్నాయిన మొహం చూశాను.

ఆ మాట చిన్నమ్మే అందుకుంది. సంబరంగా, నత్తి నత్తిగా, "మా ఆయన నాకు సబ్జా తాపిచ్చిండు" అంది.

డాక్టరమ్మ కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. "గర్మి అంటే వేడి కాదు బిడ్డా. మా దిక్కు పాతోళ్లు సవాయి రోగాన్ని గట్ల అంటరు. సిఫిలిస్" అంది. తర్వాత అంతా నింపాదిగా చెప్పింది. మొదట ఒక పుండు వస్తుంది, దానంతటదే మానిపోతుంది. తర్వాత అరచేతులకూ అరికాళ్లకూ మచ్చలొస్తాయి, అవీ వాటంతటవే పోతాయి. రోగం పోయిందనుకుంటారు. అది పోదు, మందు పడకపోతే ఏళ్లకేళ్లు లోపల దాగుంటుంది. కడుపులో బిడ్డకు పాకుతుంది, బిడ్డ దక్కకపోవచ్చు. కొందరికి చివరికి మెదడెక్కుతుంది. మతి, మాట, నడక, మనిషి గుణం, అన్నిటినీ పట్టుకుంటుంది.

"ఆ మచ్చల నాడు ఈమెకు గూడ సూది పడితే అక్కడికే అయిపోతుండె" అంది.

"ఇప్పుడు, మేడం?"

"ఇప్పుడు గూడ ఇస్తం. రోగం ఆగుతది. పోయిన మతి తిరిగొస్తదని మాత్రం నేను మాటియ్యలేను."

చిన్నమ్మ వెన్నులోంచి నీళ్లు తీసి మళ్లీ పరీక్ష చేశారు. అందులోనూ అదే. మంచం మీద పడుకోబెట్టి పెన్సిలిన్ ఎక్కించడం మొదలుపెట్టారు. చిన్నాయిన నల్లా దగ్గర మొహం కడుక్కుంటుంటే వెనకే పోయాను.

"రాయచూర్ డాక్టరు నీకేం చెప్పిండు?" అన్నాను.

"గిట్లయితదని నాకు తెల్వదు బిడ్డా, నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్టు పెట్టకు. ఏం చెప్పిండు?"

నల్లా కట్టేశాడు. "ఇంటామెను గూడ తోల్కరమ్మన్నడు. ఇద్దరు ఏపిచ్చుకోవాలె అన్నడు."

"మరి?"

"తోల్కపోతే ఆమెకు చెప్తడు గద. ఏం మొగం పెట్టుకోని ఇంట్ల ఉండాలె నేను? మచ్చలు పోయినయి, మంచిగనే తిరుగుతుండె. పోయిందనుకున్న."

"పిల్లగాడు సచ్చి పుట్టిన నాడు?"

కట్టేసిన నల్లానే మళ్లీ బిగించాడు.

"ఊరంత గొడ్రాలు అంటున్న నాడు? నా శ్రీమంతానికి వాకిట్ల నిలవడ్డ నాడు, పక్కనే ఉన్నవు గదనే! నాగర్‌కర్నూలుకు తోల్కపోయినవు, అచ్చంపేటకు తోల్కపోయినవు. నెత్తురు పరీక్షకే ఎందుకు తోల్కపోలే?"

భుజం మీది తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. "ఆమె అంటే నాకు పానం బిడ్డా" అన్నాడు. నాకు తెలిసి అది అబద్ధం కాదు. అందుకే నా ఒళ్లు ఇంకా మండిపోయింది. గ్లాసు పట్టుకున్న చెయ్యీ, రోగం దాచిన చెయ్యీ ఒకటే. నేను ఆ గ్లాసును చూసి పెరిగాను. ప్రేమంటే అదేనని నమ్మాను. నన్ను కూడా మోసం చేశాడు ఆ మనిషి.

దవాఖాన నుంచి చిన్నమ్మను నేరుగా మా ఇంటికి తెచ్చుకున్నాను. చేతుల వణుకు కొంచెం తగ్గింది. కోట నాదనడం మానేసింది. అంతకుమించి ఆమె వెనక్కి రాలేదు. నన్ను ఒకసారి అక్కా అనేది, ఒకసారి అమ్మా అనేది. మగ్గం ఫొటో చూపిస్తే మంచం అనేది. నా మిషన్ పక్కన పీట వేసుకుని కూర్చుని, ఆ రెండు వేళ్లతో గాలిలో పోగులు మెలిపెడుతూ ఉండేది. అన్నీ పోయినా ఒక్క జ్ఞాపకం మాత్రం పోలేదు. ఫాల్స్ కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ అదే చెప్పేది, "మా ఆయన నాకు సబ్జా తాపిచ్చిండు" అని. వాళ్లు "అదృష్టమంతురాలివి" అనేవాళ్లు. నేను మిషన్ గట్టిగా తొక్కేదాన్ని.

చిన్నాయిన వారం వారం వచ్చేవాడు. గడప దాటనివ్వలేదు. వాకిట్లోనే, ఒకప్పుడు ఆమె నిలబడిన చోటే నిలబెట్టాను. ఆమె మాత్రం ఆయన్ని చూస్తే వెలిగిపోయేది.

ఫిట్స్ వచ్చి చిన్నమ్మ చనిపోయింది. ఆఖరి చూపుకు గద్వాల తీసుకెళ్లాం. చిన్నాయిన ఆమె కాళ్ల దగ్గర పడి పొర్లి పొర్లి ఏడ్చాడు. వాడ ఆడవాళ్లు నలుగురు చేరి, మొగడంటే గట్లుండాలె అన్నారు. అసలు సంగతి నా గొంతు దాకా వచ్చింది. చెప్తే ఏమవుతుందో తెలుసు. ఛీ అని ఆమె పాడె దగ్గర నుంచి దూరం జరుగుతారు. ఆయన్ని మాత్రం నీళ్లు తాగించి కూర్చోబెడతారు. పళ్లు బిగబట్టుకుని ఊరుకున్నాను.

అయితే నేను ఆమెకు ఒకసారి చెప్పాను.

ఆమె పోవడానికి ముందు వానాకాలంలో, ఒక మధ్యాహ్నం. ఫాల్స్‌కని వచ్చినవాళ్లు ఎవరూ లేరు. బయట ముసురు. అనిపించింది, డాక్టరమ్మకు తెలుసు, నాకు తెలుసు, మా అమ్మకు తెలుసు, మా ఆయనకు కూడా తెలుసు. ఎవరి ఒంటి మీద జరిగిందో ఆమెకు ఒక్కదానికే తెలియదు. మిషన్ ఆపి, ఆమె పీట ముందు కింద కూర్చుని రెండు చేతులూ పట్టుకున్నాను.

"చిన్నమ్మా, ఇను. నీ చేతులకు మచ్చలొచ్చినయి గద, అవి రంగుకు రాలేదు. ఆయన బయట తిరిగి రోగం తెచ్చిండు. సూదులు ఆయన ఏపిచ్చుకుండు. నీకు చెప్పలే. డాక్టరు నిన్ను తోల్కరమ్మన్నా తోల్కపోలే. సబ్జా తాపిచ్చి ఊకున్నడు. నీ పిల్లగాడు ఎందుకు దక్కలేదనుకున్నవు? నీ చెయ్యి మంచిదే చిన్నమ్మా. నువ్వేం తప్పు చెయ్యలే."

ఆమె కదలకుండా విన్నది. అతుకు చూసేటప్పుడు పెట్టే మొహమే పెట్టి, కళ్లు చిన్నవి చేసుకుని విన్నది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. ఎక్కిందనుకున్నాను. నా ప్రాణం లేచొచ్చింది. ఆమె నా చెంప తుడిచింది.

"పాపం. ఏ ఊరామెనే?" అంది.

నేను ఆ చేతిని నా చెంపకే అదుముకున్నాను.

"పాపం, ఆమెకు ఎవ్వరు చెప్పలేదా?"

"చెప్పిన చిన్నమ్మా" అన్నాను. "ఇప్పుడే చెప్పిన."

"ఏమన్నదే మరి?" అని అడిగింది చిన్నమ్మ, నా గద్వాల చీర కొంగును అతుకు దగ్గర పట్టుకుని, రెండు వేళ్లతో నలుపుతూ.